ఉప్పునీళ్లకు తట్టుకునే కెమెరా: డబ్బా మీది అంకె చూసి కాదు, బకెట్టులో ముంచి చూసి నమ్మండి

నా మొదటి వాటర్‌ప్రూఫ్ కెమెరా మోకాలి లోతు నీళ్లలో చచ్చిపోయింది. డబ్బా మీద మాత్రం 15 మీటర్లని రాసి ఉంది. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట, ఇసుక మీద నిలబడి, ఆ గాలిలోనే బ్యాటరీ మార్చాను. మూత టక్కుమని పడింది, లాక్ కూడా పడింది, ఇంకేం అనుకున్నాను. పది నిమిషాల్లో తెర మీద గీతలొచ్చాయి, ఆ తర్వాత ఏమీ లేదు. ఇంటికొచ్చి మూత తీసి చూస్తే లోపలి రబ్బరు సీలు మీద ఆవగింజలో సగం కూడా లేని ఇసుక రేణువు ఒకటి అతుక్కుని ఉంది. సర్వీసు సెంటర్లో లోపలి ఉప్పు మరక చూపించి, నీళ్లు దిగితే వారంటీ వర్తించదని పంపేశారు. చాలా కోపం వచ్చింది. తీరా చూస్తే ఆ ముక్క వారంటీ కార్డులో చిన్న అక్షరాల్లో ఉండనే ఉంది, నేనే చదవలేదు.

రెండోది కొనేటప్పుడు మాత్రం ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాను. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఈ తీరంలో కెమెరాను చంపేది లోతు కాదు. ఇసుక, ఉప్పు, ఉక్క. ఉప్పుకీ ఉక్కకీ డబ్బా మీద అంకెలుండవు. దుమ్ముకు అంకె ఉంటుంది గానీ అది మూత వేసి ఉన్నంతసేపే.

మొదటి పని: ఎందుకు కొంటున్నారో కాగితం మీద రాయండి

ఇది చేయకపోతే తప్పు కెమెరా కొంటారు. తేలినీలాపురం వెళ్లి పెలికాన్లను తీయాలని ఇలాంటి గట్టి కెమెరా కొన్నవాళ్లను చూశాను. వీటి జూమ్ చాలావాటిలో నాలుగు రెట్లు, ఐదు రెట్లు, అంతే. అంటే పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో 100 నుంచి 140 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. చెట్టు కొమ్మ మీది పక్షి తెల్లటి చుక్కలా పడుతుంది. పక్షులే మీ పని అయితే ఇక్కడితో చదవడం ఆపేసి, అదే డబ్బుతో పెద్ద జూమ్ ఉన్న మామూలు కెమెరా చూసుకోండి.

రాత్రిపూట తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకూ ఇది పనికిరాదు. ఆ చీకట్లో వీటి చిన్న సెన్సర్, అంటే వెలుతురును పట్టి బొమ్మగా మార్చే చిప్పు, తేలిపోతుంది. ఫ్లాష్ కొడితే గుడ్లు పెట్టడానికొచ్చిన తాబేలు బెదిరి వెనక్కి వెళ్లిపోతుంది. 1972 వన్యప్రాణి చట్టంలో అది ఒకటో షెడ్యూలు జీవి, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్నది, కాబట్టి విషయం ఫొటోతో పోదు. తెల్లారుజామున తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు, అటవీశాఖవాళ్లు ఒప్పుకుంటే, ఫ్లాష్ తీసేసి తీసుకోవచ్చు.

మరి ఎవరికి? బోటు మీద వెళ్లేవాళ్లకు. వానాకాలంలో మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు. ఏట్లో పిల్లలతో దిగేవాళ్లకు. ఇంకొకరున్నారు, వాళ్ల సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు: మా జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటల్లో తిరిగేవాళ్లు. జీడిచిగురు మీది టీ దోమనూ కొబ్బరాకు అడుగున తెల్లదోమనూ దగ్గరగా తీసి వ్యవసాయ అధికారికి పంపాలంటే, లెన్సుకు సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువు మీద కూడా ఫోకస్ పట్టే కెమెరా కావాలి. ఓఎం సిస్టమ్ టీజీ-7, దానికి ముందొచ్చిన ఒలింపస్ టీజీ-6 ఆ పని బాగా చేస్తాయి. నేను రెండోసారి కొన్నది సముద్రం కోసమే. ఇప్పుడు దాన్ని ఎక్కువగా వాడుతున్నది మాత్రం బాబాయి, వాళ్ల జీడితోటలో.

రెండో పని: డబ్బా మీది అంకెల్ని అనుమానంగా చదవండి

లోతుతో మొదలుపెడదాం. టీజీ-7కు 15 మీటర్లు, రికో డబ్ల్యూజీ-80కి 14, డబ్ల్యూజీ-6కు 20. పాతవాటిలో నికాన్ డబ్ల్యూ300కి 30, ప్యానసోనిక్ ఎఫ్‌టీ7కి 31. ఈ అంకెలు కదలని మంచినీళ్లలో, కొత్త సీలుతో, కొంతసేపటి కోసం చెప్పినవి. రికో అయితే రెండు గంటలని సమయం కూడా రాస్తుంది. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. అల విసురుగా వచ్చి మూత మీద కొట్టడం వేరే లెక్క.

ఐపీ68 లాంటి గుర్తు ఉంటే అందులో 6 దుమ్ముకు, 8 నీటికి. నీటి అంకె 7 అయితే మీటరు లోతులో అరగంట. 8 అయితే అంతకన్నా ఎక్కువ, ఎంతో కంపెనీయే చెప్పాలి. పైపుతో కొట్టే నీటిధారకు వేరే అంకెలున్నాయి, 5, 6. ఒక్క 8 మాత్రమే ఉన్న వస్తువు ఆ ధార పరీక్షకు నిలబడి ఉండాలని ఏమీ లేదు. మునిగితే ఏం కాదు కదా అని మోటారు పైపు కింద పెట్టి కడగకండి.

పడితే తట్టుకునే ఎత్తు: టీజీ-7, డబ్ల్యూజీ-6 రెండిటికీ 2.1 మీటర్లు. ఎత్తయిన మనిషి నెత్తి మీద నుంచి పడ్డట్టు. అయితే చాలా కంపెనీలు ఈ పరీక్ష ప్లైవుడ్ పలక మీద చేస్తాయి, టెక్కలి గ్రానైట్ మీద కాదు. గట్టిగా పడ్డాక నీళ్లను ఆపుతుందన్న హామీ కూడా ఉండదు. పడితే పగలకపోవచ్చు గానీ ఆ తర్వాత నీళ్లలో ముంచేముందు కింద చెప్పిన బకెట్టు పరీక్ష మళ్లీ మొదటి నుంచీ చేయాలి. 100 కిలోల బరువు తట్టుకుంటుందన్నది మెల్లగా మోపిన బరువు గురించి. మన దగ్గర ఆ అవసరం బస్సులో ఎవరో బ్యాగు మీద కూర్చున్నప్పుడే వస్తుంది.

మైనస్ 10 డిగ్రీల చలిని తట్టుకుంటుందని పెద్ద అక్షరాల్లో వేస్తారు. మనకెందుకు? చూడాల్సింది రెండో కొస. టీజీ సిరీస్‌కు పైహద్దు 40 డిగ్రీలు. మే నెలలో ఎండలో నిలబెట్టిన స్కూటీ డిక్కీలో వేడి అంతకన్నా ఎక్కువే. మన దగ్గర గట్టి కెమెరాలను చలికన్నా డిక్కీలే ఎక్కువ పాడుచేస్తాయి.

సెకండ్ హ్యాండ్ సంగతి. డబ్ల్యూ300, ఎఫ్‌టీ7, ఫుజీ ఎక్స్‌పీ140 లాంటివి పాత సరుకుగా దొరుకుతాయి. లోతు అంకె కొత్తవాటికన్నా పెద్దది కాబట్టి మనసు లాగుతుంది. రబ్బరు ఏళ్ల తరబడి ఉండి గట్టిపడుతుంది, ఆ అంకె కొత్త రబ్బరుది. సీలు మార్పించే దారి లేకపోతే పాతదాన్ని వానలో వాడే కెమెరాగా లెక్కేసి, ఆ ధరే ఇవ్వండి.

మూడో పని: లెన్సు, సెన్సర్

ఈ కెమెరాల్లో ఎక్కువవాటి సెన్సర్ 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 ఎత్తు. కందిపప్పు బద్దంత. అంత చిన్నదాని మీద 20 మెగాపిక్సెళ్లు ఉన్నా 12 ఉన్నా పెద్ద తేడా రాదు. సాయంత్రం వెలుతురులో తేడా తెచ్చేది లెన్సు ఎంత తెరుచుకుంటుందన్నది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. వెడల్పు కొసలో, అంటే జూమ్ చేయకముందు, టీజీ-7 ఎఫ్/2, డబ్ల్యూజీ-80 ఎఫ్/3.5. లెక్క కడితే మొదటిది మూడు రెట్ల వెలుతురు లోపలికి వదులుతుంది. జూమ్ చేసేకొద్దీ ఈ లాభం తగ్గుతుంది, చివరికొచ్చేసరికి టీజీ-7 కూడా ఎఫ్/4.9 దగ్గరే ఉంటుంది. డిజిటల్ జూమ్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోకండి, అది బొమ్మను కోసి సాగదీయడం.

దుకాణానికి మీ సొంత మెమొరీ కార్డు పట్టుకెళ్లండి. ఒక దినపత్రిక పేజీ గోడకు ఆనించి, వెడల్పులో ఒకటి, పూర్తి జూమ్‌లో ఒకటి, ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచుకునే అంకె) 1600 పెట్టి ఒకటి తీయండి. దుకాణం లోపలి చీకటి మూల ఒకటి. అక్కడ కెమెరా తెర మీద చూసి మురిసిపోవద్దు, ఇంటికొచ్చి పెద్ద తెర మీద మూలల్లోని అక్షరాలు చదవండి. మధ్యలో బాగుండి మూలల్లో అలుక్కుపోవడం వీటిలో మామూలే. ఒక మూల మిగతా మూడిటికన్నా బాగా మసకగా ఉంటే మాత్రం ఆ పీసు వద్దు.

నాలుగో పని: తడిచేతితో పట్టుకోండి

దుకాణంలో గ్లాసుడు మంచినీళ్లు అడగండి. తాగడానికి కాదు. చేతులు తడుపుకుని బటన్లు నొక్కి చూడండి. ఫోను తెర తడిస్తే వేలు మాట వినదు, ఈ కెమెరాల విలువలో సగం వాటి బటన్లే. మీ వేలు పక్కపక్కన రెండు బటన్లు ఒకేసారి నొక్కుతోందా? ఒక చేత్తో ఆన్ చేసి ఫొటో తీయగలరా? రెండో చెయ్యి బోటు అంచును పట్టుకుని ఉంటుంది మరి.

తర్వాత మూత. ఎన్ని మూతలున్నాయో లెక్కపెట్టండి, తక్కువ ఉంటే మంచిది. రెండు దశల లాక్ ఉండాలి. సీలును ఫోను టార్చితో చుట్టూ చూడండి: చీలిక, మెలిక, మెరుపు తగ్గిన చోటు. ఛార్జింగ్ రంధ్రం కూడా మూత లోపలే ఉందంటే రోజూ ఆ మూత తీస్తారని అర్థం, సీలు అంత తొందరగా అరుగుతుంది. బ్యాటరీని బయటికి తీసి వేరే ఛార్జర్లో పెట్టుకున్నా మూత తీయడం తప్పదు, కానీ వైరు గుచ్చి లాగే బాధ ఉండదు.

తెరను బయటికి తెచ్చి ఎండలో ఓసారి చూడండి. అంతే.

ఐదో పని: నీళ్ల పరీక్ష

దీన్ని కొన్న వారంలోపు, మార్చి ఇచ్చే గడువు ఉండగానే చేయాలి. నీళ్లలో పెట్టి పరీక్షిస్తానని, లోపం ఉంటే మార్చి ఇస్తారా అని కొనేముందే అడిగి, బిల్లు మీద రాయించుకోవడానికి ప్రయత్నించండి. రాయకపోయినా వాళ్ల మొహం చూస్తే సగం తెలుస్తుంది.

ముందు చేతులు కడిగి, ఆరబెట్టుకుని, ఫ్యాను ఆపి కూర్చోండి. సీలు మీద దుమ్ము, వెంట్రుక, దారప్పోగు లేకుండా నూలు రాలని మెత్తటి గుడ్డతో తుడవండి. బ్యాటరీ, కార్డు తీసేసి, ఆ గూట్లో పొడి టిష్యూ కాగితం మడిచి పెట్టండి. సీలు మీదికి రాకుండా. మూత వేసి, లాక్ చేసి, బకెట్టులో అరగంట ముంచండి. మునగగానే బటన్ల సందుల్లోంచి నాలుగైదు బుడగలు రావడం మామూలే, అది బయట చిక్కుకున్న గాలి. ఒకే చోటి నుంచి ఆగకుండా వరసగా వస్తుంటే వెంటనే బయటికి తీయండి. నీళ్లలోనే ప్రతి బటన్‌నూ పదిసార్లు నొక్కండి, ఎందుకంటే బటన్ల కింద కూడా సీళ్లుంటాయి. తీశాక పూర్తిగా తుడిచి, మూత చుట్టూ ఉన్న గాడిలో నీళ్లు లేకుండా చూసుకుని, అప్పుడు తెరవండి. టిష్యూ మీద తడి మచ్చ లేకపోతే బ్యాటరీ వేసి రెండోసారి ముంచి వీడియో తీయండి.

బకెట్టులో అడుగు లోతు నీళ్లలో పడే పీడనం 10 మీటర్ల లోతులో పడేదాంట్లో మూడో వంతో, నాలుగో వంతో కాదు, నూటికి మూడు పాళ్లు. పెద్ద లోపం బయటపడుతుంది, చిన్నది దాక్కుంటుంది. అందుకని నేను బ్యాటరీ లేకుండా, టిష్యూతోనే, నైలాన్ తాడుకు కట్టి బాబాయి వాళ్ల నూతిలోకి మూడు మీటర్లు దించాను. గట్టు మీద కూర్చున్న తెప్ప నడిపే పెద్దాయన నవ్వాపుకోలేకపోయాడు. "ఏటి బాబూ, ఏలకేలు ఎట్టి కొన్న సామాను నూతిలో దింపేత్తన్నావేటి?" అన్నాడు. టిష్యూ పొడిగా వచ్చింది. ముడి మాత్రం ఆయన చేతే వేయించుకున్నాను, నా ముడి చూసి ఆయనకు నమ్మకం కుదరలేదు.

పడేసే పరీక్ష చేయొద్దు. దానివల్ల మీకు తెలిసేదేమీ ఉండదు, సీలు కుదురు మాత్రం చెడుతుంది.

ఆరో పని: ఉక్క పరీక్ష

ఇది ఎవరూ చేయరు. మన దగ్గర అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే అని నా ఉద్దేశం.

ఉక్కపోతగా ఉన్న సాయంత్రం వరండాలో మూత తీసి రెండు నిమిషాలు ఉంచి మూయండి. లోపలికి తేమ గాలి చేరింది. ఇప్పుడు కుండనీళ్లలో నాలుగు ఐసు ముక్కలు వేసి, అందులో కెమెరా ముంచండి. ఐదు నిమిషాల తర్వాత లెన్సు ముందున్న అద్దం చూస్తే లోపలివైపు ఆవిరి పట్టి ఉండవచ్చు. తుడిస్తే పోదు. ఇది లీకు కాదు. మూత లోపల బంధించిన ఉక్క గాలి చల్లటి అద్దం మీద నీరై కూర్చుంది, అంతే. ఎండలో కాగిన కెమెరాను ఏట్లో ముంచినప్పుడు జరిగేదీ ఇదే, సరిగ్గా ఫొటో తీయాల్సిన నిమిషంలో.

మర్నాడు ఏసీ గదిలో గంటసేపు ఉంచి, అక్కడే మూత తీసి మూసి, మళ్లీ అవే చల్లటి నీళ్లలో ముంచండి. ఆవిరి రాకపోతేనో, కాస్త వచ్చి పోతేనో కెమెరా మంచిదే. ఏసీలో మూసినా గంటల తరబడి పొగలా నిలిచిపోతుంటే లోపల ముందే తడి ఉందన్నమాట. మార్చుకోండి. ఇంట్లో ఏసీ లేకపోతే బిగుతైన స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు మూత తెరిచి రాత్రంతా ఉంచి, పొద్దున్న తీసీ తీయగానే మూసేయండి. బియ్యంలో పెట్టే అలవాటు వద్దు, బియ్యం నలక వెళ్లి సీలు మీదే కూర్చుంటుంది.

ఈ పరీక్షతో నాకొక అలవాటు వచ్చింది. బ్యాటరీ, కార్డు ఇంట్లోనే సర్దుకుని మూత వేసి బయలుదేరతాను. తీరంలో మూత తీయను.

ఏడో పని: బ్యాటరీ

టీజీ-7కు ఒక ఛార్జింగ్‌తో సుమారు 330 ఫొటోలని కంపెనీ లెక్క. వీడియో తీస్తూ, తెర వెలుతురు పెంచి, జీపీఎస్ ఆన్‌లో ఉంచితే అందులో సగం వచ్చినా సంతోషించాలి. టీజీల్లో దారి నమోదు చేసే లాగ్ స్విచ్ వేసి మరిచిపోతే కెమెరా ఆపేసి ఉన్నా బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా మీరు నిజంగా తీసేలాగే తీసి లెక్క చూసుకోండి. తీరంలో మూత తీయకూడదంటే ఒక్క బ్యాటరీతోనే పూట గడవాలి మరి.

జీపీఎస్ వృథా అనను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలకు వరసలు పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. నష్టం చూపించాల్సినప్పుడు తేదీ, చోటు ఉన్న ఫొటో చేతిలో ఉంటే ఆ ధైర్యం వేరు. కొన్న రోజే తేదీ, సమయం సరిచేసి, జీపీఎస్ మీ తోటలో చోటు సరిగ్గా పడుతోందో లేదో చూడండి. తుపాను కబురు రాగానే బ్యాటరీలు రెండుంటే రెండూ నింపుకోవాలి. ఛార్జింగ్‌కు సీ టైపు రంధ్రం ఉంటే ఫోను పవర్ బ్యాంకే దీనికీ సరిపోతుంది. టీజీ-7లో అదే ఉంది, టీజీ-6లో పాత రకం.

ఎనిమిదో పని: ఉప్పునీళ్లు

ఇప్పటిదాకా నెగ్గితే బారువకో భావనపాడుకో తీసుకెళ్లండి. చేతికి తేలే పట్టీ కట్టుకోండి, కెమెరా దానంతట అది తేలదు. మొదటిరోజు అల విరిగే చోటికి వెళ్లకుండా పక్కన నిలిచిన నీళ్లలో తీయండి.

ఫొటోల మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. ఏరు కలిసే చోట్ల నీళ్లు మట్టిగా ఉంటాయి, చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. ఫ్లాష్ వేస్తే ఆ మట్టి రేణువులన్నీ తెల్లటి చుక్కలై మెరుస్తాయి, అందుకని ఆపేయండి. నీళ్లు తేటగా ఉన్నచోట కూడా మొదటి కొన్ని మీటర్లలోనే ఎరుపు రంగు పోయి అంతా నీలం, ఆకుపచ్చగా పడుతుంది. కెమెరాలో నీటి అడుగు మోడ్ ఉంటే అది ఎంతవరకు సరిచేస్తుందో ఇక్కడే తెలుస్తుంది. విజయనగరం జిల్లా చింతపల్లి తీరంలో స్కూబా చేసేవాళ్లకు ఒక మాట: మొదటి స్థాయి సర్టిఫికెట్‌తో దిగే హద్దు 18 మీటర్లు, టీజీ-7 హద్దు 15. విడిగా హౌసింగ్, అంటే కెమెరా చుట్టూ బిగించే నీళ్లు దూరని పెట్టె, కావాలి, దాని ఖర్చు కూడా కలుపుకుని బేరం చూసుకోండి.

ఒడ్డుకు రాగానే మూత తీయకుండా, సీసాలో తెచ్చుకున్న మంచినీళ్లు పోయండి. ఇంటికొచ్చి బకెట్టు మంచినీళ్లలో పావుగంట నానబెట్టి, బటన్లన్నీ నీళ్లలోనే నొక్కండి. ఉప్పు ఎండితే బటన్ సందులో గడ్డకట్టి, నొక్కినప్పుడు పైకి లేవదు. నీడలో ఆరబెట్టాలి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఎండ వద్దు. ఆరాక బటన్లు, మూత, లెన్సు మరోసారి చూడండి. ఒక బటన్ గట్టిగా నొక్కితే తప్ప పలకడం లేదంటే మార్చుకునే గడువు ఇంకా ఎన్ని రోజులుందో లెక్కచూసుకోండి.

సీళ్లను ఏడాదికోసారి మార్పించమని కంపెనీలే చెబుతాయి. మన ఊళ్లో ఎవరూ ఆ పని చేయరు కాబట్టి విశాఖకో హైదరాబాద్‌కో పంపాలి. దానికెంత అవుతుందో, ఎన్నాళ్లు పడుతుందో కొనకముందే ఫోన్ చేసి అడగండి. విదేశం నుంచి ఎవరో తెచ్చిన పీసు చవగ్గా వస్తుంటే, దానికి ఇక్కడ ఆ సీలు వేస్తారా లేదా అన్నది కూడా ఆ ఫోన్లోనే అడిగేయండి.

ఇదంతా చదివాక, ఏడాదికి రెండుసార్లు బారువలో కాళ్లు తడుపుకునే మాకు ఇంత హడావిడి ఎందుకు అనిపిస్తే మీ మాటే నిజం. మెడలో వేసుకునే ఫోను పౌచ్ కొన్ని వందలకే వస్తుంది. దాన్ని కూడా ముందు టిష్యూ పెట్టి బకెట్టులో ముంచి చూడండి.